వెనక లేని పటం

గంట దాకా ముట్టుకోవద్దన్నాడు వీరస్వామి. జిగురు పట్టాలి, పట్టకముందే క్లాంపులు విప్పితే నాలుగు మూలలూ నోళ్ళు తెరుస్తాయని చెప్పి, చేతులు లుంగీకి తుడుచుకుని గోడకు చేరబడ్డాడు. బీడీ కోసం జేబు తడుముకుని, చుట్టూ ఉన్న బట్టల కట్టలు చూసి మానుకున్నాడు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పదకొండుకు పటం పెట్టే ముహూర్తం. శ్రీవాణి దుకాణం లోపలి గదిలో, ఒకప్పుడు బాపు నడుం వాల్చే బట్టల బేలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పేపర్లో చుట్టిన రెండు ఫోటోలు, నాలుగేళ్ళ కింద పోయిన బాపుది ఒకటి, ఐదు నెలల కింద పోయిన అమ్మది ఒకటి. ఎదురుగా బల్ల మీద ఇనుప క్లాంపుల మధ్య బిగుసుకుని ఉన్న టేకు చట్రం. గంగారం ఊరి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పడం అయ్యాక నెల రోజుల సాయంత్రాలు తను ధారపోసి, గ్రాఫు కాగితం మీద గీసి, చెరిపి, మళ్ళీ గీసి, పట్టుబట్టి చేయించిన చట్రం. రెండు దిక్కులా ముఖమే ఉన్న చట్రం. దాన్ని చూసుకుని మురిసిపోవాల్సిన గంట ఇది. కానీ ఆమెకు ఒళ్ళు మండిపోతోంది, ఎందుకంటే జిగురు పూస్తూ పూస్తూ వీరస్వామి ఒక మాట అనేశాడు.

"పృథ్వీ సేటు రాత్రి ఫోన్ జేసిండు బిడ్డా. తిరిగే కొక్కెం వద్దన్నడు. రెండు ఇనుప పట్టీలు వెట్టి దూలానికి కదలకుంట బిగియ్యుమన్నడు. బాపు బజారు దిక్కు, అమ్మ లోపటి దిక్కు. నీకు జెప్పే ఉంటడనుకున్న."

చెప్పలేదు. చెప్తే ఊరుకోదని తెలుసు కనుకనే చెప్పలేదు. అన్న ఎప్పుడూ ఇంతే, ఎదురుగా సరేనంటాడు, పక్కకు తిరిగి తన పని కానిచ్చేస్తాడు. నెల కింద ఇదే గదిలో తను గ్రాఫు కాగితం పరిచి, ఇదిగో, ఒకటే పటం, ఒక దిక్కు బాపు, ఒక దిక్కు అమ్మ, పైన తిరిగే కొక్కెం, ఒక నెల ఒకరు బజారు చూస్తారు, ఇంకో నెల ఇంకొకరు, అని చెప్తుంటే ఎంత తేలిగ్గా తలూపాడు. మంచిగుందే, గట్లనే జేద్దాం అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావద్దా. నలభై మంది పిల్లల్లో ఎవరు సొంతంగా లెక్క చేశారో, ఎవరు పక్కవాడిది చూసి రాశారో ముఖం చూసి చెప్పే మనిషి, సొంత అన్న ముఖం చదవలేకపోయింది. అంతకు ముందు ఎన్ని వంకలు పెట్టాడని. గద్దె పైన ఆడవాళ్ళ పటం ఎవరైనా పెడతారా, స్టేషన్ రోడ్డులో ఒక్క దుకాణంలో చూపించు అన్నాడు. కొత్త అద్దాల అరలు వచ్చాక గోడే మిగల్లేదన్నాడు. మిగిలిందల్లా ముందరి దుకాణానికీ ఈ లోపలి గదికీ మధ్య తలుపుల్లేని దర్వాజ, దాని పైనున్న దూలం. ఒక్క జాగ, దానికి బాపు ఉండనే ఉన్నాడు కదా అన్నాడు. అప్పుడే ఆమెకు రెండు ముఖాల పటం తట్టింది. ఎంత సంబరపడింది. ఇప్పుడు ఆ సంబరం తలుచుకుంటే సిగ్గుగా ఉంది. అమ్మను లోపలికి తిప్పి పెట్టడానికి కావలసిన చట్రాన్ని కొలతలతో సహా తనే గీసి ఇచ్చింది.

అదంతా ఒక ఎత్తు, ఆ ఆనవాయితీ ఒక ఎత్తు. పోయినవాళ్ళ పటానికి ఒకసారి దండ పడిందంటే ఏడాది తిరిగేదాకా దాన్ని కదిలించకూడదు, దించకూడదు, తిప్పకూడదు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచి అదే పద్ధతి. నెల కింద దీని ఊసే ఎత్తని అన్నకు నిన్న రాత్రి అది గుర్తొచ్చిందట. పెద్దమనుషులను ఫ్యాను లెక్క తిప్పుతమా అన్నాడట వీరస్వామితో. పద్ధతులు ఆయనకు అవసరమైన పూటే గుర్తొస్తాయి. అమ్మ మూడో మాసికం నాడు ఎక్కడున్నాడు? సూరత్‌లో సరుకు కొంటున్నాడు. నాలుగో మాసికం నాడు? అద్దాల అరలు బిగించేవాళ్ళు వచ్చారని ఇంటికే రాలేదు. పంతులు అరగంట ఎదురుచూసి, ఇగ మీరే కూసోండమ్మా అంటే తనే పీట మీద కూర్చుంది. అప్పుడు ఏ ఆనవాయితీ అడ్డం రాలేదు. ఇవాళ కూడా ఆయన ఊళ్ళో లేడు, భూపాలపల్లిలో ఎవరిదో పెళ్ళి బట్టల బేరం ఉందని పొద్దున్నే కారేసుకుని పోయాడు.

ఆమె చేయి తనకు తెలియకుండానే చట్రం మీదికి పోయింది.

"ముట్టకు బిడ్డా."

"ముడ్తలేను."

ముట్టలేదు కానీ వంగి చూసింది. పై చెక్కలో, సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త ఎడమకు, ఇత్తడి మేకు తల. చిన్న గింజంత. ఈ చట్రం కొట్టులో కొన్న చెక్కతో చేసింది కాదు. ముప్పై నాలుగేళ్ళు అమ్మ గుడ్డ కొలిచిన బల్ల ఇది. తాత చేయించిన టేకు పలక, అంచు పొడుగునా ఇత్తడి మేకులు, ఇది గజం, ఇది మీటరు, ఇది అర మీటరు. అమ్మ కర్ర వాడేది కాదు. గుడ్డను ఆ మేకు నుంచి ఈ మేకుకు జరిపి, రెండో చేత్తో మడత వేసేది, కళ్ళు మాత్రం బేరమాడే మనిషి ముఖం మీద ఉండేవి. ఆమె మోచేతులు ఆనిన చోట పలక కాస్త లోపలికి అరిగింది. అలాంటి పలకను రెండు నెలల కింద పెరికి వెనక దొడ్లో పారేశారు, కట్టెల కింద వాడుకోమని పనివాళ్ళకు చెప్పారు. దాని జాగలో ఇప్పుడు గాజు కౌంటరు, కింద నీలి లైట్లు. దుకాణం పేరు పృథ్వీ ఫ్యాషన్స్. ఆ పలకను చూసినప్పుడు ఆమె ఏడవలేదు. దొడ్లోంచే వీరస్వామికి ఫోన్ చేసింది. ఆయన వచ్చి గోటితో గీకి, గిసొంటి టేకు గిప్పుడెక్కడిది, దీన్ని పొయ్యిల వెడ్తరా అని తిట్టాడు. ఎవరిని తిట్టాడో పేరు చెప్పలేదు.

చట్రం సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన తల గోక్కున్నాడు. నలభై ఏళ్ళుగా పటాలు కడుతున్నాడు, ప్రతి పటానికీ ఒక ముఖం, ఒక వెనక. వెనక ఏముంటే ఎవరికి కావాలి, అట్ట ముక్క, చిన్న మేకులు, ఖాకీ రంగు కాగితం, బల్లులు గుడ్లు పెట్టుకునే జాగ. ఫ్రేమంటే ఎనక ఉంటది బిడ్డా, ఎనక లేని ఫ్రేము నేను నా జన్మల జెయ్యలే, ఫోటోలు యాడికెల్లి పోవాలె లోపటికి అన్నాడు. పైనుంచి పోవాలె అంది తను. పై చెక్కలో సన్నని సందు. అందులోంచి అద్దం, ఫోటో, పలుచని ప్లైవుడ్, ఫోటో, అద్దం, ఐదూ ఒకే గాడిలోకి జారాలి. తర్వాత ఆ సందు మూస్తూ ఒక చెక్క పట్టీ, జిగురు, రెండు చెక్క చీలలు. మరి విప్పాలంటే? విప్పద్దు. ఆయన కాసేపు కాగితం తిప్పి చూసి, విప్పాలంటే అద్దం పలగాలె అన్నమాట అని, ఏదో ఆటలో పడ్డవాడిలా పని మొదలుపెట్టాడు. రంద పట్టి చెక్క చదును చేసేటప్పుడు ఇత్తడి మేకు పీకేస్తానన్నాడు, బ్లేడు విరుగుతుందని. వద్దంది. మేకు చుట్టూ ఉలితో, ఉప్పుకాగితంతో, రెండు పూటలు కూర్చుని నున్నగా చేశాడు. మేకు ఉన్న ముఖం అమ్మది అని ఆయనకు మొదటి రోజే చెప్పింది.

మరి ఆ మేకు ఇప్పుడు దేన్ని చూస్తుంది? ఆమె తలెత్తి గది చూసింది. ఇంతసేపూ కూర్చుని ఉంది కానీ ఇప్పుడే చూసింది. దర్వాజకు ఎదురుగా పాయిఖానా తలుపు, దాని గొళ్ళానికి వేలాడుతున్న తడిబట్ట. పక్కన చీపుర్లు. విరిగిన బొమ్మ ఒకటి, తల లేనిది, చీర కట్టి అద్దంలో నిలబెట్టేది. ఖాళీ అట్టపెట్టెలు. ఏడాది పొడుగునా అమ్మ చూడబోయేది ఇది. పదిహేడేళ్ళకు చిట్యాల నుంచి కోడలిగా వచ్చి, మూడో ఏటికల్లా గద్దె ఎక్కి, పొద్దున షట్టరు లేపిన దగ్గర్నుంచి బజారును తప్ప మరొకటి చూడని మనిషి. చూలాలిగా ఉండి కూడా కాళ్ళు ముడుచుకుని ఆ గద్దె మీదే కూర్చుంది. ఆమెకు తన కాన్పు నొప్పులు వచ్చింది కూడా లంగా గుడ్డ కోస్తుంటేనేనట, కొలత తప్పుతుందని ఆ ముక్క పూర్తిగా కోసి, మడతపెట్టి ఇచ్చి, అప్పుడు దవాఖానకు లేచిందట. ఆ మనిషికి పాయిఖానా తలుపు చూపిస్తారా. ఏ నోటితో చెప్పాడు, బిగియ్యుమని.

ఆ ఫోటో సంపాదించడానికి మాత్రం తక్కువ తిప్పలు పడిందా. అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో ఇంట్లో లేనే లేదు. ఆధార్ కార్డు మీదిది పెద్దగా చేపిద్దాం అన్నాడు అన్న. ఆ ఫోటోలో అమ్మ దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఉంది. అందులో ఎవరైనా అట్లాగే ఉంటారు, కానీ దాన్ని పెద్దది చేసి గోడకు పెట్టుకుంటారా. ఆఖరికి మహబూబాబాద్‌లో తన గదిలో పాత ట్రంకుపెట్టె అడుగున దొరికింది. ఎప్పుడో ఒక చీరల ఏజెంటు కొత్త కెమెరా తెచ్చుకుని సరదాగా తీసింది. ఆ ఏజెంటు కృష్ణా అవతలి వాడు, అమ్మ మాట్లాడినప్పుడల్లా యాసను తిరిగి అని చూపించి నవ్వేవాడు. అమ్మ ఒక్కసారీ నొచ్చుకోలేదు, ఆయన తెచ్చిన చీరలను ఒక్కొక్కటే వెనక్కి తిప్పి, గిది దారం లేస్తది, గిది రంగు దిగుతది, ఇగ నవ్వు అనేది. ఫోటోలో అప్పుడే గుడ్డ మీంచి తలెత్తింది. రెండు చేతులూ బల్ల మీద చాచి ఉన్నాయి, నోట్లో మాట సగంలో ఉంది. ఎదురుగా మనిషి ఉంటే తప్ప ఆ చూపు రాదు. దాన్ని తీసుకుపోయి చీపుర్లకు ఎదురుగా పెడతారట.

ముందర ఎవరో వచ్చినట్టున్నారు. దర్వాజలోంచి చూస్తే రఘునాథపల్లి లచ్చవ్వ, ఏళ్ళ తరబడి ఇక్కడే బట్ట కొనే ముసలామె, చెప్పులు మెట్ల కింద విడిచి గాజు కౌంటరు ముందు నిలబడి ఉంది. కౌంటరు వెనక సుమ, కొత్తగా పనిలో చేరిన అమ్మాయి, చీర ప్యాకెట్లు పరుస్తోంది.

"గిది జర ఎనకకు తిప్పి సూపియ్యి బిడ్డా."

"ప్యాకెట్ ఇప్పొద్దన్నడవ్వా సారు. బిల్లయినంకనే ఇప్పాలె."

"ఎనక సూడకుంట ఎట్ల కొనాలె? వనమాలమ్మ ఎనక సూపియ్యంది కత్తెర పట్టకపోతుండె."

"ఆ అమ్మ లేదు గదా అవ్వా."

"లేదని ఇనే వచ్చిన. పటమన్న ఉంటది, ఒక్కసారి మొక్కి పోదామని. ఏది?"

సుమ దూలం వైపు చూపించింది. "ఇయ్యాల పెడ్తున్నరు. పెద్ద సారుది గిటు దిక్కు, అమ్మది లోపటి దిక్కు."

లచ్చవ్వ ఆ ఖాళీ దూలాన్ని చూసింది. "లోపటికి మేమెందుకొస్తం బిడ్డా. మరి నేనెట్ల మొక్కాలె?"

కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగింది. అడిగి, పోయి మెట్ల మీద కూర్చుంది. లోపల బేలు మీద శ్రీవాణి పళ్ళు కొరుక్కుంది. ఎంతమంది లచ్చవ్వలు వస్తారు ఈ ఏడాదిలో. అందరూ గాజు కౌంటరు దగ్గరే ఆగిపోతారు. అందరూ వచ్చి బాపును చూసి మొక్కి పోతారు. బాపుది తప్పేం లేదు పాపం. బాపును తలుచుకుంటే ఆమెకు కోపం రాదు, అదే తంటా. మెత్తటి మనిషి, నవ్వితే బొజ్జ ఊగేది, తనను భుజాల మీద ఎక్కించుకుని స్టేషన్‌కు తీసుకుపోయి రైళ్ళు చూపించేవాడు. కానీ బేరం ఆయన వల్ల కాలేదు. అన్నం తిని వచ్చి ఇదిగో ఈ బేలు మీద నడుం వాల్చేవాడు, సాయంత్రం నలుగురు స్నేహితులు వస్తే ఇక్కడే పేకాట. ఎవరైనా ఆఫీసరు వస్తే మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుని ముందుకు వచ్చి గద్దె మీద కూర్చునేవాడు, అమ్మ లేచి పక్కన నిలబడేది. ఆఫీసరు జీపు కదలగానే బాపు లేచేవాడు, అమ్మ కూర్చునేది. అలా ఊళ్ళో పెద్దవాళ్ళకు వెంకటేశం సేటు దుకాణం అయింది ఇది. ఒకసారి అమ్మకు జ్వరం వచ్చి రెండు రోజులు బాపు ముందర కూర్చోవాల్సి వచ్చింది. నాలుగు రవికె ముక్కలు పొట్టిగా కోశాడు. రెండో రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, తలకు తడిగుడ్డ కట్టుకుని, గా బజారు దిక్కు సూస్తే నా తలకాయ తిరుగుతదే వనమాలా, నువ్వెట్ల సూస్తవో ఏమో, నన్ను లోపట్నే ఉండనియ్యి అన్నాడు. జ్వరంలో కూడా అమ్మ నవ్వింది. తను అప్పుడు ఏడో తరగతి, మంచం పక్కనే ఉంది, విన్నది.

విన్నది. ఇన్నేళ్ళ తర్వాత ఈ బేలు మీద కూర్చుని మళ్ళీ విన్నట్టయింది, వెన్ను నిటారుగా అయింది.

ఫోన్ మోగింది. అన్న.

"ఏమాయెనే? జిగురు వట్టిందా?"

"పడ్తున్నది."

"నేనిప్పుడప్పుడే రాను. పెళ్ళోళ్ళు ఇంక చీరలు సూస్తనే ఉన్నరు, ఒంటిగంట గొడ్తది. పంతులు పదకొండుకు వస్తడు, ముహూర్తం దాటనియ్యద్దు. నువ్వే దండేసెయ్యి."

"నేనెయ్యాల్నా?"

"ఎయ్యే. నువ్వు బిడ్డవు గాదా. ఒక్క మాట, దండ వడ్డంక ఎవ్వల ముట్టనియ్యకు. ఏడాది దాక కదలద్దు. ఎరికే గదా మన ఆనవాయితీ."

"ఎరికే అన్నా."

ఫోన్ పక్కన పెట్టింది. ఈ గంటలో ఆమె ఎంతసేపూ తిరిగే కొక్కెం కోసమే కొట్లాడుతూ ఉంది, లోలోపల, అన్నతో. అన్నా, పట్టీలు తీయించు, తిరగనియ్యి, కనీసం నెల మార్చి నెల అమ్మను బజారు చూడనియ్యి. అడుక్కున్నట్టే. సగం ఏడాది కోసం అడుక్కుంటూ ఉంది. సగం ఎందుకు అడుక్కోవాలి? ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో ఈ పలకకు తెలుసు, ఈ బేలుకు తెలుసు, మెట్ల మీద కూర్చున్న లచ్చవ్వకు తెలుసు. తెలియనిది భూపాలపల్లిలో ఉన్న ఒక్క మనిషికి, తెలిసీ తెలియనట్టున్న మనిషికి. పదిన్నర అయింది. వీరస్వామి లేచి క్లాంపులు ఒక్కొక్కటే వదులు చేశాడు. మూలలు నోరు తెరవలేదు. వేలితో నాలుగు చోట్లా తట్టి, బాగుందన్నట్టు తలూపాడు.

"కొక్కెమా, పట్టీలా బిడ్డా? నువ్వెట్లంటే గట్ల. సేటుతోని నేను జెప్పుకుంట."

"పట్టీలే. అన్న జెప్పినట్టే. అస్సలు తిరగద్దు."

ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. ఆమె పేపరు విప్పింది. అద్దం జార్చింది. మేకు ఉన్న ముఖం వైపు అమ్మను జార్చింది, తర్వాత ప్లైవుడ్, తర్వాత బాపు, తర్వాత రెండో అద్దం. ఐదూ గాడిలో సర్దుకున్నాయి, గీసిన కొలత వెంట్రుక వాసి తప్పలేదు. పై సందు మీద పట్టీ పెట్టి, జిగురు రాసి, రెండు చెక్క చీలలూ ఆమే సుత్తెతో కొట్టింది. అప్పుడు చట్రాన్ని రెండు చేతులా ఎత్తి, దర్వాజలో నిలబడి, ఇత్తడి మేకును బజారు వైపుకు తిప్పింది.

"గిట్ల బిగియ్యి పెద్దయ్యా."

వీరస్వామి అమ్మ ముఖం చూశాడు, శ్రీవాణి ముఖం చూశాడు. స్టూలు ఎక్కాడు. చెప్పిన దానికంటే రెండు స్క్రూలు ఎక్కువే బిగించాడు.

పంతులు పదకొండుకు ఐదు నిమిషాలుందనగా వచ్చాడు. ఎవరు ఎటు చూస్తున్నారో ఆయన పట్టించుకోలేదు, దీపం ఎక్కడ పెట్టాలో మాత్రం అడిగాడు. శ్రీవాణి ఇద్దరికీ కుంకుమ పెట్టి, బంతిపూల దండ పై చెక్క మీదుగా వేసింది, సగం అటు, సగం ఇటు వేలాడింది. లోపలి గదిలో బాపు తన బేలును చూస్తూ, ఫ్యాను కింద, హాయిగా ఉన్నట్టే ఉన్నాడు. ఆమె ఆయనకు మొక్కి, ఇవతలికి వచ్చి అమ్మకు మొక్కి, తనే అన్నకు ఫోన్ చేసింది.

"దండ వడ్డదన్నా."

"గట్టిగ బిగించిండా?"

"బిగించిండు. అమ్మ బజారు దిక్కుంది. బాపు లోపట ఉన్నడు."

అవతల చీరల గురించి ఎవరో ఆడవాళ్ళు మాట్లాడుకోవడం వినిపిస్తోంది.

"ఏడాది దాక కదిలియ్యద్దు," అంది శ్రీవాణి. "నువ్వు జెప్పిందే."

ఫోన్ పెట్టేసింది. కోపం ఇంకా దిగలేదు, దిగాలని కూడా ఆమెకు లేదు. లచ్చవ్వ మెట్ల మీంచి లేచి వచ్చి, దూలం వైపు చూసి, రెండు చేతులూ జోడించింది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని కౌంటరు వైపు తిరిగింది.

"ఇగ గా చీర ఎనకకు తిప్పు బిడ్డా."

సుమ పటం వైపు ఒకసారి చూసింది. కత్తెర తీసుకుని ప్యాకెట్ అంచు కోసింది.